ఐదిళ్ళలో ఒకే నెమలి

హరిత మేడం ఫోన్ చేసినప్పుడు నేను నెమలి మెడ కుడుతున్నాను. ఇంకో గంటలో వస్తున్నానని, గ్రూపులో ఐదుగురం ఎవరిళ్ళలో వాళ్ళం మా పని దగ్గర కూర్చుని ఉండాలని, ఒక్కొక్కరినీ విడిగా ఫొటో తీసుకోవాలని చెప్పింది. సరే మేడం అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో సూది వణుకుతోంది.

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నోరు మాత్రం పెద్దదే, మా గల్లీలో నాతో పోట్లాట పెట్టుకోవడానికి మగవాళ్ళు కూడా రారు. కానీ చేతిలో కాగితం ఉన్న మనిషి ఎవరైనా గుమ్మంలో నిలబడితే నా కాళ్ళలో సత్తువ పోతుంది. కరెంటు మీటరు చూసే అబ్బాయికి కూడా కుర్చీ వేసి మంచినీళ్ళిస్తాను.

మాది మణికొండలో పెద్ద అపార్టుమెంట్ల వెనకాల గల్లీ. అన్నీ ఒక్క గది, వంటిల్లు ఉన్న కిరాయి ఇళ్ళు. రెండేళ్ళ కిందట ఒక ఫైనాన్సు కంపెనీ వాళ్ళు వచ్చి, చేతిపనులు చేసుకునే ఆడవాళ్ళకు చిన్న అప్పులిస్తామన్నారు. తాకట్టు అక్కర్లేదు, మొగుడి సంతకం అక్కర్లేదు. ఐదుగురు కలిసి గ్రూపు కట్టాలి, ఒకరు కిస్తు కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి, అంతే. అప్పుడు తలా ముప్పై వేలు తీసుకున్నాం. ప్రతి గురువారం మా ఇంట్లోనే మీటింగు. రెండేళ్ళలో ఒక్క కిస్తు తప్పలేదు. ఆ నమ్మకం మీదే ఇప్పుడు తలా అరవై వేలు ఇస్తామంటున్నారు.

అంతా బాగానే ఉంది. తిరకాసు ఒక్కటే. ఐదుగురిలో చేతిపని వచ్చింది నాకొక్కదానికే.

నేను పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని చేస్తాను. వాసంతిది చౌరస్తాలో టిఫిన్ బండి. యాదమ్మ మగపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఊర్మిళ తీసుకున్న డబ్బు వాళ్ళాయన ఆటోకు పోయింది. పోచమ్మక్క హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తు దాకా నేల తుడుస్తుంది. కాగితాల మీద మాత్రం అందరిదీ మగ్గం పనే. మొదటిసారి ఒక ముసలి సారు వచ్చి, ఐదుగురినీ నా మగ్గం చుట్టూ కూర్చోబెట్టి ఒకే ఫొటో తీసి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన రిటైరై, ఆ స్థానంలో హరిత మేడం వస్తుందని మాకెవరికీ తోచలేదు.

అబద్ధమని తేలితే ఏమవుతుందో వాసంతి ఎవరినో అడిగి తెలుసుకుంది. ఐదుగురి పేర్లూ కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఆ తర్వాత ఏ బ్యాంకూ, ఏ కంపెనీ రూపాయి కూడా ఇవ్వదు. ఇక మిగిలేది బైకుల మీద తిరిగే రోజువారీ ఫైనాన్సు వాళ్ళే. వాళ్ళ సంగతి మాకు తెలుసు. కిందటేడు పక్క గల్లీలో ఒకామె ఇంటి ముందు వాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆమె ఆ వారంలోనే పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది.

అందరికీ అవసరమే, కానీ అందరికంటే తొందర పోచమ్మక్కకు. ఆమె కూతురు ప్రవళిక నర్సింగు రెండో సంవత్సరం. ఇరవై ఎనిమిది వేలు ఫీజు బాకీ ఉంది, కట్టకపోతే పరీక్షకు హాల్ టికెట్ ఇచ్చేది లేదన్నారు. ఇక నా సంగతి. ఒక బొటిక్కు ఆమె శ్రావణమాసానికి ముప్పై జాకెట్లు ఇస్తానంది. జరీ, పూసలు నేనే కొనుక్కోవాలి, ఇంకో రెండు మగ్గాలు పెట్టాలి, ఇద్దరు అమ్మాయిల్ని పనికి పెట్టుకోవాలి. ఆ అరవై వేలూ చేతికి రాకముందే పైసాతో సహా లెక్క కట్టేసుకున్నాను.

గంట టైముంది. నలుగురినీ కేకేశాను. వాసంతి ధైర్యస్థురాలు, ఉపాయం ఆమెదే. మగ్గం ఒక్కటే కాబట్టి మగ్గాన్నే ఇల్లిల్లూ తిప్పుదామంది. మేడం ముందు వీధిలో నడుస్తుంటే వెనక సందులోంచి మగ్గం పోవాలి. ఊర్మిళ, యాదమ్మ మోయాలి. నేను గ్రూపు లీడర్ని కాబట్టి మేడంని ప్రతి ఇంటికీ ఆలస్యంగా తీసుకురావాలి. వినడానికి బాగానే ఉంది.

మా మగ్గమంటే నేతమగ్గం కాదు. నులకమంచం చట్రంలా నాలుగు కర్రలు, మధ్యలో బట్టను నాలుగు పక్కలా దారాలతో లాగి బిగించి కడతాం. బట్ట ఒకసారి మగ్గం ఎక్కిందంటే పని పూర్తయ్యేదాకా దించం. దించి మళ్ళీ కడితే బిగువు మారి, కుట్టిన పూసలన్నీ ముడుచుకుపోతాయి. పాతబస్తీలో నాకు పని నేర్పిన ముసలామె, ఖాలా అని పిలిచేదాన్ని, మొదటిరోజు చెప్పిన మాట అది. పదేళ్ళుగా నా చేతులకు అలవాటైపోయింది.

ఆ రోజు మగ్గం మీద ఉన్నది అనసూయమ్మగారి అమ్మాయి పెళ్ళి జాకెట్టు. వంకాయ రంగు కంచిపట్టు, నలభై రెండు వేల చీరలోంచి కత్తిరించిన ముక్క. పాడైతే మళ్ళీ దొరికేది కాదు. వీపు మీద పెద్ద నెమలి, మెడ సగం దాకా వచ్చింది, తోక ఇంకా లేదు. శనివారానికి ఇవ్వాలి.

హరిత మేడం స్కూటీ మీద వచ్చింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో, కడప వైపు పిల్ల, హెల్మెట్ తీస్తే జుట్టంతా చెమట. మర్యాదగా మాట్లాడుతుంది, అదే నాకు ఇంకా భయం. నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టి ఫొటో తీసింది. పని చాలా బాగుందని మెచ్చుకుంది. తీసిన చోటు కూడా ఫోనే రాసుకుంటుందట, ఇకమీదట ఎవరూ మోసం చేయలేరని నవ్వుతూ చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడక్కుండానే మా గ్రూపులో అలాంటివేం లేవన్నాను.

ఆమెను గల్లీ మొదట్లో వేరేవాళ్ళ టిఫిన్ బండి దగ్గరికి తీసుకెళ్ళి దోసె పెట్టించాను. తింటున్నంతసేపూ నా చెవులు వెనక సందులోనే ఉన్నాయి. మగ్గం కర్ర ఎక్కడో గోడకు తగిలిన చప్పుడైంది. అది ఆమెకు వినబడకుండా, మా దగ్గర నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో, ఎన్ని బిందెలు దొరుకుతాయో ఆమెకు వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. పాపం, దోసె చల్లారిపోయినా విన్నది.

వాసంతి ఇంట్లో ఫొటో అయింది. యాదమ్మ ఇంటికి వెళ్ళేలోపు నా పెళ్ళి కథ మొత్తం చెప్పాను, నా మొగుడు ముహూర్తానికి బస్సు తప్పిపోయిన సంగతితో సహా. ఊర్మిళ ఇంటికి వెళ్ళే దారిలో చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెప్పు తెగిందని అబద్ధమాడి కింద కూర్చున్నాను. తల తిప్పి చూస్తే సందు చివర ఆ ఇద్దరూ మగ్గాన్ని పాడె మోసినట్టు భుజాల మీద మోసుకుని పరుగున దాటారు. మేడం ఫోన్ చూసుకుంటోంది కాబట్టి బతికిపోయాం.

చివరిది పోచమ్మక్క ఇల్లు. ఆ రోజు ఆమెకు మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. కంపెనీ వాళ్ళిచ్చిన నీలం యూనిఫాం మీద పట్టుచీర చుట్టుకుంది. మేమంతా ఆ గదిలోకి చేరాం. వాసంతి కళ్ళతోనే నవ్వింది, అయిపోయినట్టే అన్నట్టు. నాకూ ఊపిరి కాస్త సర్దుకుంది.

మేడం ఫొటో తీసింది. తీశాక ఫోనును దగ్గరగా పట్టుకుని చూసింది. వేలితో వెనక్కి జరిపింది. ఇంకోసారి జరిపింది. మగ్గం వైపు చూసి మళ్ళీ ఫోను చూసింది.

"ఏంది అక్కా ఇది?" అంది నన్ను చూసి. "ఐదిండ్లలోనూ ఇదే నెమలి ఉండాదే. ఐదిట్లోనూ తోక లేదు."

కర్రల గురించి ఆలోచించాం, సందుల గురించి ఆలోచించాం, ఏ ఇంట్లో ఏ దుప్పటి పరవాలో కూడా ఆలోచించాం. బట్ట మార్చాలని ఐదుగురిలో ఒక్కరికీ తట్టలేదు. మగ్గం ఎక్కిన బట్ట దిగదు కాబట్టి అది నాకు మగ్గంలో భాగమే, దాన్ని విడిగా చూడటం నా కళ్ళు ఎప్పుడో మానేశాయి. మిగతా వాళ్ళకు అసలే తెలియదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాం.

వాసంతి తేరుకుని, అందరికీ ఒకే పార్టీ ఆర్డరిచ్చిందని, తోడిపెళ్ళికూతుళ్ళకు ఒకే రకం జాకెట్లని ఏదో అల్లింది. మేడం కోప్పడలేదు. ఈ ఫొటోలు తను పంపితే ఆఫీసులో మేనేజరు చూస్తాడని, అక్కడ పట్టుకుంటే ముందు పోయేది తన ఉద్యోగమేనని చెప్పింది. ఇంటి దగ్గర తమ్ముడి చదువు తన జీతం మీదే నడుస్తోందట. చెబుతూ హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆ గదిలో భయపడనిది ఎవరూ లేరని నాకప్పుడు అర్థమైంది.

తర్వాత ఆమె పోచమ్మక్క వైపు తిరిగింది.

"నీకు పని వస్తాదంటున్నావు కదక్కా. ఇక్కడ ఒక్క ఈక కుట్టి చూపించు. కుడితే నేనేమీ అడగను."

పోచమ్మక్క నెమ్మదిగా మగ్గం ముందు కూర్చుంది. సూది తీసుకుంది. ఆ సూది మామూలు సూది కాదు, మొనకు చిన్న కొక్కెం ఉంటుంది. గుచ్చి దారం పట్టి పైకి తీసేటప్పుడు చిటికెడంత తిప్పాలి. తిప్పకుండా లాగితే కొక్కెం పట్టుపోగును పట్టుకుని బట్టను చివరిదాకా చీల్చేస్తుంది. నాకు ఆ తిప్పడం రావడానికి ఐదు నెలలు పట్టింది, అదీ పాత గుడ్డల మీద. పోచమ్మక్క వేళ్ళు ఫినాయిలుకూ యాసిడ్‌కూ పగిలిపోయి ఉన్నాయి. సూదిని చీపురు పట్టినట్టు పిడికిట్లో పట్టుకుంది.

నేను ఒక్క మాట అంటే చాలు. వద్దక్కా, నీకు రాదు అంటే పట్టు మిగులుతుంది, ఐదుగురి అప్పూ పోతుంది. నోరు మూసుకుంటే అప్పు మిగలొచ్చు, పట్టు పోతుంది, అనసూయమ్మగారికి నలభై రెండు వేలు నేను కట్టాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గల్లీ మొత్తాన్ని నోటితో గెలిచినదాన్ని, నా నాలుక పైకి లేవలేదు.

ఆమె సూదిమొన పట్టు మీద ఆనించింది. బిగువుగా ఉన్న బట్ట కొంచెం లోపలికి వంగింది. ఆమె తలెత్తి నావైపు చూసింది. ఏం చేయమంటావని అడుగుతోంది. నేను ఆమె ముఖం చూడలేదు, సూదిమొన కింద పట్టునే చూస్తున్నాను. నేను ఎటు చూస్తున్నానో ఆమె చూసింది.

సూదిని పక్కన పెట్టేసింది.

"నాకు రాదు మేడం," అంది. "నేను ఆఫీసుల నేల తుడుస్త. గీ నలుగురికీ వస్తది, నాకే రాదు. నేర్సుకుంటనని చెప్పి గ్రూపుల చేరిన, నేర్సుకోలె. తప్పు నాది. వీళ్ళను పరేషాన్ చెయ్యకు."

వాసంతి గోడ వైపు తిరిగింది. యాదమ్మ, ఊర్మిళ నేల చూపులు చూశారు. మేడం మా ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. అంతా అర్థమైందనే అనుకుంటాను. నలుగురున్నా గ్రూపు చెల్లుతుందని, మిగతావాళ్ళను తను కుట్టి చూపించమని అడగనని, అడిగితే అందరి పేర్లూ కొట్టేయాల్సి వస్తుందని చెప్పింది. శనివారం మళ్ళీ వస్తానని, ఎవరింట్లో వాళ్ళ పని ఉండాలని, ఈ ఫొటోలు మాత్రం తీసేస్తున్నానని మా కళ్ళ ముందే తీసేసింది. ఆమెకూ నెలకు ఇన్ని గ్రూపులని లెక్క ఉంటుంది కదా.

తర్వాత ఒక కాగితం తీసింది. పోచమ్మ అనే సభ్యురాలు చేతిపని చేయడం లేదు కాబట్టి గ్రూపు నుంచి తొలగిస్తున్నామని లీడరు సంతకం చేయాలట. పోచమ్మక్క మగ్గం ముందే కూర్చుని ఉంది. ఆమె ఎదురుగానే సంతకం చేశాను. పొద్దుటి నుంచి వణికిన చెయ్యి అప్పుడు మాత్రం వణకలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె సూది పక్కన పెట్టగానే నాకు ముందుగా కలిగింది సంతోషం. పట్టు బతికింది, అప్పు బతికింది. ప్రవళిక గుర్తొచ్చింది మేడం స్కూటీ గల్లీ దాటాకే. అప్పటికి పోచమ్మక్క చీర విప్పి, యూనిఫాంలో షిఫ్టుకు బయల్దేరుతోంది. ఎందుకు సంతకం చేశావని అడుగుతుందేమోనని నేను మగ్గం సర్దుతున్నట్టు వంగి నిలబడ్డాను.

శనివారానికి పాత ముక్కలు మూడు చిన్న చట్రాలకు బిగించి ముగ్గురికీ పంచాను. ఫొటోలయ్యాయి. జాకెట్టు కూడా ఇచ్చేశాను, అనసూయమ్మగారు నెమలిని వేలితో తడిమి మురిసిపోయారు. పన్నెండో రోజు డబ్బు పడినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. పండగ చేసుకోవాల్సింది పోయి, ఆ మెసేజ్ చూసినప్పుడల్లా ఎవరో తలుపు కొడతారన్నట్టు ఉలిక్కిపడ్డాను.

గురువారం మీటింగుకు నలుగురం కూర్చున్నాం. ఐదో చోటు వదిలేసి కూర్చున్నామని ఎవరూ అనలేదు గానీ, ఎవరూ అక్కడికి జరగలేదు కూడా. పోచమ్మక్క పొద్దున షిఫ్టుకు పోయేటప్పుడు కనబడితే నేను బట్టలు ఆరేసే తాడు చాటుకు తప్పుకునేదాన్ని. నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. నిజంగానే ఆమెకు పని రాదు. ఒప్పుకుంది ఆమే. నా మీద ఇద్దరు పిల్లలున్నారు. అన్నీ నిజాలే.

బొటిక్కుకు కొత్త పూసలు చూపించడానికి వెళ్ళిన రోజు, దారిలో ఒక సూపర్ మార్కెట్లో ప్రవళిక కనబడింది. ఎర్ర చొక్కా యూనిఫాం వేసుకుని కూరగాయలు తూకం వేస్తోంది. కాలేజీ మానేశావా అని అడిగితే, ఈ సంవత్సరానికి ఆగుతానని, అమ్మ వచ్చే ఏడు కట్టిస్తానందని చెప్పింది. ఫీజుకు ఆఖరి రోజు సోమవారమట. ఆ రోజు శుక్రవారం. నేను బొటిక్కుకు వెళ్ళలేదు, వెనక్కి తిరిగి ఏటీఎం దగ్గర వరసలో నిలబడ్డాను. అక్కడ డబ్బు తీస్తుంటే కూడా ఎవరో భుజం మీద చెయ్యి వేస్తారన్నంత భయం. మిషను పదివేలే ఇచ్చి ఆపేసింది. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి, ఒక్కో మిషను దగ్గరా కాస్త కాస్త తీసి ఇరవై ఎనిమిది వేలూ పోగుచేశాను.

సాయంత్రం పోచమ్మక్క ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కవరు ఆమె పక్కన పెట్టి, ప్రవళిక ఫీజు అన్నాను. ఆమె కవరు విప్పి చూడలేదు, నన్నే చూసింది.

"నెల దాటినంక మేడమొస్తది. నీ మగ్గాలేవి, పూసలేవని అడుగుతది. అప్పుడేం చూపిస్తవ్ పిల్లా? తీస్కపో."

ఆమె అన్నది నిజం. అప్పు డబ్బు దేనికి ఖర్చు పెట్టామో చూడటానికి నెల తర్వాత మళ్ళీ వస్తారు. రెండు మగ్గాలూ ఉండవు, ముప్పై జాకెట్ల ఆర్డరూ ఉండదు, నా పేరు కూడా కంప్యూటర్లో ఎక్కుతుంది. కిస్తులు మాత్రం ఆగవు. నేను సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె తీస్కపో అనగానే నా గుండె తేలికైంది. ఇవ్వాలనుకున్నాను, ఆమే వద్దంది, ఇక నా తప్పేముంది. నా చెయ్యి దానంతటదే కవరు మీదికి వెళ్ళింది.

అప్పుడే ప్రవళిక పని నుంచి వచ్చి మెట్టు ఎక్కబోతోంది. ఆ ఎర్ర చొక్కాతోనే ఉంది. కవరు తీసి ఆ పిల్ల చేతిలో కుక్కి, వెనక్కి తిరిగి పరుగెత్తాను. నిమిషం నిలబడితే తిరిగి తీసుకునేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

ముప్పై నాలుగేళ్ళ ఆడదాన్ని, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని గల్లీలో పరుగెడుతుంటే అందరూ తలుపుల్లోకి వచ్చి చూశారు. వెనక నుంచి పోచమ్మక్క నా పేరు పెట్టి పిలుస్తోంది. ఇంట్లోకి వచ్చి తలుపు మూసి గడియ పెట్టాను. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఆమె వచ్చి రెండుసార్లు తలుపు కొట్టింది. నేను తీయలేదు.